జట్టు మనస్సు నెరిగిన గురువు: రహీం సాహెబు

పరుగుపందెంలో నిలిచే క్రీడాకారుడు తన గుండెను తానే నిబ్బరపరచుకోవాలి. జట్టులో ఆడేవానికి అది చాలదు. పక్కవానిపై విశ్వాసం కూడా ఉండాలి. ఈ రహస్యాన్ని గ్రహించిన మహనీయుడు మన హైదరాబాదులో 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచేత ఆయన ఉపాధ్యాయుడు. 1950లో భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షణభారం స్వీకరించారు.

బంతిని తనవద్దే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోవడాన్ని నిషేధించి ఆయన పోటీలు నడిపారు. వాటంలేని కాలితో మాత్రమే ఆడే పోటీలూ పెట్టారు. ఆ విధంగా ఆటగానికి తన లోపమంటే భయం తొలగింది. సహచరునికి బంతి అందించడం అలవడింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు ఆ శిక్షణకు పరీక్ష అయ్యాయి. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాము. తరువాతి ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రాజకీయ కారణాలచేత ప్రేక్షకులు మనవారిని గేలి చేశారు. రహీం సాహెబు కోపగించలేదు. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగును ముందు వరుసకు పంపారు. తుదిపోరుకు ముందు, తనకు స్వర్ణపతకాన్ని కానుకగా ఇమ్మని మాత్రం జట్టును కోరారంటారు. సెప్టెంబరు 4న అదే కొరియాపై 2-1తో గెలిచాము. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ మరొకటి చేశారు.

ఏడాది తిరుగకుండానే, 1963 జూన్ 11న, క్యాన్సర్ వ్యాధితో ఆయన కన్నుమూశారు. పరీక్షలో మనం ఒంటరివారమే. కాని తోటివాని తడబాటును చూచి నవ్వక చేయి అందించగలిగితే, ఆ గురువు పాఠం మనకూ అబ్బినట్లే.