రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు

అనంతపురము జిల్లా కంబదూరు చేరువనున్న రాళ్లపల్లి పేరు వినినంతనే రాళ్లును మెట్టచేలును మనసునకు దోచును. అట్టి పల్లెలో 1893 జనవరి 23వ తేదీన జన్మించిన అనంతకృష్ణశర్మగారు సాహిత్య సంగీతములు రెంటను సమానముగా పండిన మహనీయులు.

తండ్రి కృష్ణమాచార్యులవారి యొద్ద సంస్కృతాంధ్రములకు పునాది పడినది. పిమ్మట మైసూరు చేరి పరకాల మఠమున శాస్త్రాభ్యాసమును, బిడారం కృష్ణప్పగారి యొద్ద సంగీతాభ్యాసమును గావించిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహమున 1912లో, పందొమ్మిదవ యేట, మహారాజా కళాశాలలో తెలుగు పండితులైరి. 1949 వరకును అచ్చటనే బోధించిరి. ప్రాకృత గాథాసప్తశతి సారమును తెనుగు చేసిరి. కటారుపల్లిలో సమాధి గల వేమన ఈ ప్రాంతమువారికి ఇంటివాడు; ఆ వేమనపై శర్మగారు చేసిన యుపన్యాసములు విమర్శకు మార్గదర్శకములైనవి.

అయినను వారి జీవితమున తలమానికమైన కార్యము ఉద్యోగ విరమణానంతరమే జరిగినది. 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమల ఆలయమున రాగిరేకులపై శతాబ్దములు మరుగున పడియుండెను. రేకులపై రాగముల పేర్లున్నవి, స్వరములు లేవు. పరిష్కరణ సాగించుచుండిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో గతించిరి. పాత తెలుగెరిగిన పండితులకు స్వరజ్ఞానము కొరత. స్వరమెరిగిన విద్వాంసులకు ఆ భాష కొరుకుడు పడదు. రెండును గలవారు అరుదు. దేవస్థానమువారి పిలుపుపై తిరుపతి చేరిన శర్మగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. సంపుటములను పరిష్కరించుటయే గాక, నూరింటికి పైగా కీర్తనలకు స్వరరచన గావించి ప్రకటించిరి. లోహమున మూగవోయిన పాట గాయకుల కంఠమునకు వచ్చినది. నేడు తెలుగిండ్లలో ఆ కీర్తనలు వినవచ్చుటకు వారు త్రోవ దీసిన తొలివారిలో నొకరు.

1974లో మద్రాసు సంగీత అకాడమీ వారిని సంగీత కళానిధిగా గౌరవించెను. 1979 మార్చి 11వ తేదీన దేవస్థానము ఆస్థాన విద్వాంస పదవి నొసగినది. ఆనాడే బెంగుళూరున వారు తనువు చాలించిరి.

రాగిరేకు అక్షరమును కాపాడగలదు గాని పలికింపజాలదు. దానికి చదువరి కావలెను. గ్రంథాలయమున బీరువాలు నిండుట సగము పని. విప్పి చదివి, నలుగురికి వినిపించువారు పుట్టుట తక్కిన సగము. శర్మగారి జీవితము ఈ రెండవ సగమునకు నిదర్శనము.