శివసాగర్ రామ్‌గులామ్

ఒకనాడు కోరంగి రేవున ఓడలెక్కిన తెలుగు కూలీలు చేరిన చెరకు దీవి మారిషస్. అక్కడే 1900 సెప్టెంబరు 18న, బీహారు నుండి వలస వచ్చి చెరకు తోటలో పనిచేసిన తండ్రికి శివసాగర్ రామ్‌గులామ్ జన్మించారు. లండన్‌లో వైద్యవిద్య ముగించి 1935లో స్వదేశానికి మరలివచ్చారు. ఆనాడు ఓటుహక్కు ఆస్తి, ఆదాయం గలవారికే పరిమితం. శ్రమజీవుల పక్షాన వెలసిన లేబర్ పార్టీకి కాలక్రమాన ఆయన నాయకులైనారు. 1959 ఎన్నికల నాటికి వయోజనులందరికీ ఓటు లభించింది.

స్వాతంత్ర్యం సమీపించిన కొలదీ, అధికసంఖ్యాకుల పాలనలో తమ గతి ఏమగునోయని అల్పసంఖ్యాకులు కలతచెందారు. ఆ భయాన్ని ఆయన తృణీకరించలేదు. అబ్దుల్ రజాక్ మొహమ్మద్ నాయకత్వంలోని ముస్లిం కార్యాచరణ సంఘంతోనూ, ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్‌తోనూ కూటమి కట్టారు. ఎన్నికలలో తగిన ప్రాతినిధ్యం దక్కని వర్గాల కొరకు శాసనసభలో 8 అదనపు స్థానాలు ఏర్పడ్డాయి. 1967 ఆగస్టులో ఆ కూటమి 62 స్థానాలకు 39 గెలిచింది. 1968 మార్చి 12న దేశం స్వతంత్రం కాగా, ఆయన తొలి ప్రధాని అయినారు.

1982లో ప్రతిపక్షాన ఉన్న వామపక్ష కూటమి ప్రధాన దీవిలోని 60 స్థానాలనూ గెలుచుకొన్నది. స్వయంగా ఓటమి పాలైన ఆయన ప్రజాతీర్పును శిరసావహించి అధికారం అప్పగించారు. గవర్నర్ జనరల్‌గా ఉండగా 1985 డిసెంబరు 15న కన్నుమూశారు.

గోండీ, ఉర్దూ, తెలుగు కలిసి వినిపించే మన ఉట్నూరుకు ఈ జీవితం దూరపు కథ కాదు. సంఖ్యాబలం గద్దె నెక్కించవచ్చును. దేశాన్ని నిలిపేది పొరుగువాని నమ్మకమే.