బ్రౌను దొర గ్రంథసేవ

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. 1820లో కుంఫిణీ ఉద్యోగిగా కడప చేరెను. నాడు మన కావ్యములు చాల వఱకు తాటాకులపైననే యుండెడివి. కొన్ని చెదలపాలగుచుండెను. వ్రాయసకాండ్ర పొరపాటులు ప్రతి నుండి ప్రతికి పెరుగుచుండెను. అచ్చొత్తింపదగిన శుద్ధప్రతి దొరకుటయే దుర్లభము.

దొరగారు కడపలో బంగళా కొని, తన సొమ్ముతో పండితులను, వ్రాయసకాండ్రను పోషించెను. ఒక్క కావ్యమునకే పెక్కు ప్రతులు తెప్పించి, కాగితముల కెక్కించి, పాఠాంతరములను పోల్పించెడివాడు. సందేహము గల చోట్ల పండితులతో చర్చించి పాఠము నిర్ణయించి, పిదప టీక వ్రాయించెడివాడు. కొలువు పనులు చేయుచునే యీ శ్రమయంతయు పడెను. జీతము చాలక అప్పులపాలయ్యెను. అయినను పని మానలేదు.

ఇట్లు 1829లో వేమన పద్యములు, 1844లో వసుచరిత్రము, 1851లో మనుచరిత్రము అచ్చుపడెను. జూలూరి అప్పయ్య పండితుడు ఆయనకు కుడిభుజమువలె తోడ్పడెను. నిఘంటువులలో కావ్యపదములతో పాటు జనుల నోట నాడు మాటలను గూడ చేర్చెను. అనేక వత్సరముల కృషి ఫలించి, 1852 మొదలు 1854 వఱకు అవి వెలువడెను.

1855లో స్వదేశమునకు మరలి, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న దివంగతుడయ్యెను. కడపలో ఆయన బంగళా యుండిన తావున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. పుస్తకమును కాపాడిన వానికి పుస్తకాలయమే తగిన స్మారకము గదా!