నీతిశాస్త్రవేత్త జాన్ స్టూవర్ట్ మిల్

ఒక కార్యం మంచిదో చెడ్డదో నిర్ణయించేది దాని ఫలమా, కర్తవ్య నియమమా, కర్త శీలమా? కర్తవ్యమని జర్మన్ తత్త్వవేత్త కాంట్, శీలమని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ సమాధానమిచ్చారు. ఫలమే ప్రమాణమన్న పక్షానికి ప్రముఖ ప్రతినిధిగా మనం జాన్ స్టూవర్ట్ మిల్‌ను పేర్కొనవచ్చు.

మిల్ 1806లో లండనులో జన్మించాడు. తండ్రి జేమ్స్ మిల్ కుమారుణ్ణి పాఠశాలకు పంపక, తానే మూడవయేట గ్రీకు, ఎనిమిదవయేట లాటిన్ నేర్పసాగాడు. అత్యధిక సంఖ్యాకుల సుఖమే నీతికి కొలబద్ద అన్న బెంథామ్ సిద్ధాంతం ఆ బాలునికి ఉగ్గుపాలతోనే అబ్బింది. కాని 1826లో, ఇరవయ్యవయేట, తన ఆశయాలన్నీ నెరవేరినా తనకు ఆనందం కలుగదని గ్రహించి క్రుంగిపోయాడు. తర్కంతో శుష్కించిన ఆ హృదయాన్ని వర్డ్స్‌వర్త్ కవిత్వం చిగురింపజేసింది.

1861లో పత్రికాముఖంగా వెలువడి, 1863లో గ్రంథరూపం దాల్చిన యుటిలిటేరియనిజంలో, సుఖాలకు పరిమాణమే గాక గుణభేదం కూడా ఉన్నదని ఆయన వాదించాడు. కాంట్ నియమం సైతం చివరకు ఫలాన్ని ఆశ్రయించక తప్పదన్నాడు.

1867లో పార్లమెంటులో స్త్రీలకు వోటుహక్కు కోరి ఓడిపోయాడు. అయినా 1823 నుండి 1858 వరకు ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేసిన ఈ స్వేచ్ఛావాది, 1859 నాటి ఆన్ లిబర్టీలో ఆ స్వేచ్ఛను వెనుకబడినవని తాను తలచిన సమాజాలకు వర్తింపజేయలేదు. ఆయన లెక్కలో మనం చేరలేదు. ప్రతి మనిషినీ కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ నియమంతో కొలిస్తే ఈ లోపం తేటతెల్లమవుతుంది.

మిల్ 1873లో ఫ్రాన్సులోని ఆవిన్యోలో మరణించాడు. విద్యార్థులు ఏ ఒక్క సిద్ధాంతానికో బందీలు కాక, ఫలం, కర్తవ్యం, శీలం అనే మూడింటితోనూ తమ నడతను పరీక్షించుకోవాలని మా ఆకాంక్ష.