రంగస్థలం మీదే పుట్టిన నటి: సురభి కమలాబాయి

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ళెవరినైనా కదిలించి చూడండి, పాతాళభైరవి చూడలేదన్నవారు ఉండరు. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, అంజి - అందరినీ గుర్తు చేసుకుంటారు. తోటరాముడి తల్లి వేషం ఎవరు వేశారంటే మాత్రం తడుముకుంటారు. కొడుకు కోసం బెంగపడే ఆ తల్లి పాత్రధారిణి సురభి కమలాబాయి. పూర్తి తెలుగు టాకీకి మొట్టమొదటి కథానాయిక ఆవిడే. ఈ సంగతి చెబితే మా క్లాసులో సగం మంది నమ్మలేదు.

వెలుగొండలకు అవతలి వైపు కడప జిల్లా. ఆ జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ నాటకం ఆడించారు. వీళ్ళ పూర్వీకులు మహారాష్ట్ర నుంచి వచ్చి తోలుబొమ్మలాట మీద బతికినవాళ్ళు. తోలుబొమ్మలు మన నెల్లూరు జిల్లాకూ కొత్త కాదు గదా! తెర వెనుక బొమ్మలనాడించిన కుటుంబం తానే తెర ముందుకు వచ్చింది. ఊరి పేరే సమాజం పేరయింది. భార్యాభర్తలు, అత్తాకోడళ్ళు, పిల్లాజెల్లా అందరూ వేషగాళ్ళే. బండ్ల మీద సామాను వేసుకుని ఊరూరా తిరగడం, డేరా వేయడం, ఆడటం, మళ్ళీ బయల్దేరడం - ఇదీ సంసారం.

ఆ సంసారంలో 1907లో కమలాబాయి పుట్టారు. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి. పుట్టుక సంగతి సురభి వాళ్ళు ఇప్పటికీ కథగా చెబుతారు. వెంకూబాయి గారు నిండు గర్భిణిగా ఉండి దమయంతి వేషం కట్టారట. నాటకం మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. అది నటనే అనుకుని జనం మెచ్చుకుంటూ కూర్చున్నారట. తెర దించారు, బిడ్డ పుట్టింది. విషయం తెలిసిన ప్రేక్షకులు పసిబిడ్డకు కానుకలుగా డబ్బులు వేశారని చెబుతారు. ఇందులో ఎంత కలిసిందో గాని, రంగస్థలం మీద పుట్టిన పిల్ల అనే పేరు మాత్రం ఆమెకు జీవితాంతం నిలిచిపోయింది.

చిన్నతనంలో కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి వేషాలు వేశారు. వయసు వచ్చాక నాయిక వేషాలు, అవసరమైతే మగ వేషాలు కూడా. ఆ కాలంలో ఇదేమంత చిన్న విషయం కాదు. మిగతా నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలు ఎక్కువగా పురుషులే ధరించేవారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదికి వస్తే ఆడవాళ్ళే అసూయపడేవారని ప్రతీతి. సంసార స్త్రీలు నాటకాలాడితే లోకం హర్షించని రోజులవి. సురభి వారి ఇంట అదే కులవృత్తి, అదే వంటా వార్పూ.

1931 మార్చిలో ఆలం ఆరా వచ్చింది. బొమ్మ మాట్లాడటం మొదలుపెట్టగానే తెలుగులో మాట్లాడేవాళ్ళు, పాడేవాళ్ళు కావలసి వచ్చారు. నేపథ్యగానం అప్పటికి లేదు. నటించేవారే మైకు ముందు పాడాలి. అందంగా ఉండి గొంతు లేకపోతే లాభం లేదు. మైకు లేకుండా డేరాలో చిట్టచివరి వరుసకు పద్యం వినిపించగలవారు సురభి వారే గనుక హెచ్.ఎం.రెడ్డి గారు వాళ్ళను బొంబాయి పిలిపించారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకం ఆధారంగా భక్త ప్రహ్లాద తయారైంది. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి కమలాబాయి. చిన్నప్పుడు ప్రహ్లాదుడైన పిల్ల ఇప్పుడు ప్రహ్లాదుడికి తల్లి అయింది! ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం రాసుకున్నాం. తరువాతి పరిశోధనలో 1932 ఫిబ్రవరి 6 అని తేలింది.

1932లోనే సర్వోత్తమ్ బదామీ దర్శకత్వంలో పాదుకా పట్టాభిషేకం, శకుంతల వచ్చాయి. ఒకదానిలో సీత, ఒకదానిలో శకుంతల. దుష్యంతుడు యడవల్లి సూర్యనారాయణ. పాతికేళ్ళకే మూడు తెలుగు టాకీల నాయిక! తరువాత కొన్నేళ్ళు బొంబాయిలో హిందీ చిత్రాల్లోనూ నటించారు.

అసలు బాధ ఇక్కడుంది. భక్త ప్రహ్లాద ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. మొదటి కథానాయిక గొంతు ఎలా ఉండేదో, పద్యం ఎలా ఎత్తుకునేదో వినే యోగం మనకు లేదు. ఆమె పడుచుదనమంతా ఆ ఫిల్ముతో పాటే పోయింది. మన కళ్ళకు దొరికేది 1951లో, నలభై దాటాక, కె.వి.రెడ్డి గారు పాతాళభైరవిలో ఇచ్చిన తల్లి వేషం. అది చూసి మనం ఆవిడను ఏదో సహాయపాత్రల నటి అనుకుంటాం. ఇంతకంటే అన్యాయం ఏముంది?

ఒక్క మాట పక్కకు వెళ్ళి చెబుతాను. నేను చదువుకునే రోజుల్లో మా వార్షికోత్సవ నాటికలో హీరోయిన్ వేషం ఒక బి.కాం. కుర్రాడు వేశాడు. మీసం తీయనని మొండికేసి, చివరిదాకా కొంగు అడ్డం పెట్టుకునే డైలాగులు చెప్పాడు. హాలంతా నవ్వులే. ఇవాళ మన ఆడపిల్లలు స్టేజీ మీద డాన్సులు బ్రహ్మాండంగా చేస్తున్నారు. నాటకం దగ్గరికి వచ్చేసరికి స్త్రీ పాత్ర లేని నాటిక కోసం వెతుకుతున్నాం. నూరేళ్ళకు ముందే కొండ అవతలివాళ్ళు తేల్చేసిన సమస్య ఇది. సంఘం సాంస్కృతిక కార్యదర్శి గారు ఆలోచించాలి.

కమలాబాయి గారు 1971లో కన్నుమూశారు. ఆడ వేషాలకు పెట్టింది పేరయిన స్థానం నరసింహారావు గారు పోయిందీ ఆ సంవత్సరమే. సురభి మాత్రం ఆగలేదు. ఆ కుటుంబాలు కొన్ని హైదరాబాదు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డాయి. మాయాబజారు ఆడటం మానలేదు. 2013లో సురభి బాబ్జీగా పేరుపొందిన రేకందార్ నాగేశ్వరరావు గారికి పద్మశ్రీ వచ్చింది.