ఆరు చుక్కల అక్షరశిల్పి – లూయీ బ్రెయిలీ

అక్షరమనగానే కంటితో చదువదగినదని మనము తలంచుతాము. ఆ తలంపును మార్చిన మహనీయుడు లూయీ బ్రెయిలీ. 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలో, పారిస్ నగరానికి తూర్పున గల కూవ్రే గ్రామంలో ఆయన జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు తయారుచేసే వృత్తిలో ఉండేవాడు. మూడేండ్ల ప్రాయంలో తోలుకు బెజ్జాలు వేసే సాధనంతో ఆడుకొంటుండగా బాలుని కంటికి గాయమైంది. క్రమంగా రెండవ కన్ను కూడా చెడి, ఐదేండ్లకే చూపు పూర్తిగా పోయింది.

1819లో లూయీ పారిస్‌లోని అంధబాలల విద్యాలయంలో చేరాడు. అచ్చక్షరాలనే ఉబ్బెత్తుగా ముద్రించిన బరువైన గ్రంథాలు అక్కడ ఉండేవి. వ్రేళ్ళతో వాటిని చదవడం ప్రయాస. ఆ రీతిలో స్వయంగా వ్రాయడం దుస్సాధ్యం. చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల లిపిని కల్పించాడు గాని, అందులోని గుర్తు వ్రేలికొనకు ఒక్క స్పర్శలో అందేది కాదు. 1824లో పదిహేనేండ్ల లూయీ దానిని ఆరు చుక్కలకు కుదించాడు. ఆ ఆరింటితో అరువదిమూడు గుర్తులు ఏర్పడతాయి. 1829లో ఈ పద్ధతిని గ్రంథరూపంలో ప్రకటించాడు.

ఆయన అదే విద్యాలయంలో ఉపాధ్యాయుడైనా, చూపుగల పెద్దలు చాలాకాలం ఆ లిపిని ఆదరించలేదు. తాము చదువలేని లిపి అంధులను లోకానికి దూరం చేస్తుందని వారి శంక. ఆ శంకకు సమాధానంగానే, చూపుగలవారూ చదువగల అక్షరాలను చుక్కలతో వ్రాసే మార్గాన్ని 1839లో ఆయన ప్రకటించాడు. క్షయవ్యాధితో 1852 జనవరి 6న కన్నుమూశాడు. రెండేండ్ల తరువాతగాని ఆ విద్యాలయం ఆయన లిపిని అధికారికంగా స్వీకరించలేదు.

రెండు లిపుల నడుమ ఆయన తలపెట్టిన వంతెనను నేడు కంప్యూటరు నిర్మిస్తున్నది. అచ్చుపాఠాన్ని బ్రెయిలీలోనికి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఒకదానికి ఆయన పేరిటనే లిబ్‌లూయీ అని నామకరణం చేశారు. ఈ మార్పిడి కేవలం అక్షరానికి అక్షరం పెట్టడం కాదు. తెలుగులో గుణింతపు గుర్తు హల్లును అంటిపెట్టుకొని ఉంటుంది. బ్రెయిలీలో హల్లు తరువాత అచ్చు వేరుగా నిలుస్తుంది. ఉర్దూను మనము కుడినుండి ఎడమకు వ్రాస్తాము. బ్రెయిలీలో అది కూడా ఎడమనుండి కుడికే సాగుతుంది. ఒక్క చుక్క తప్పినా అక్షరమే మారిపోతుంది గనుక, వ్రేళ్ళతో చదివి సరిచూచేవారు ఇప్పటికీ అవసరమే.

విద్యార్థులారా! పాఠాన్ని ఫోటో తీసి పంపితే ఈ సాఫ్ట్‌వేరు దానిని నేరుగా చదువలేదు. ముందుగా ఆ బొమ్మలోని అక్షరాలను గుర్తించవలసి ఉంటుంది, అక్కడ తప్పులు దొర్లుతాయి. యూనికోడులో శుద్ధంగా టైపు చేసిన పాఠమైతే సులభంగా చుక్కలుగా మారుతుంది. అంధుడైన సహాధ్యాయికి మనము చేయగల ఈ స్వల్పసేవయే లూయీ బ్రెయిలీకి తగిన నివాళి.