గిటారు వాయించడం రాని గిటార్ల మేస్త్రి

నేను ఈసారి లియో ఫెండర్ గురించి రాస్తున్నాను. ఆయన 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో, నారింజతోట రైతుల ఇంట్లో పుట్టాడు. ఎనిమిదేళ్ళకే ఒక కన్ను పోయింది, గాజు కన్ను పెట్టారు. చదివింది జమాఖర్చుల చదువు, పిచ్చి మాత్రం రేడియోలంటే. ఉద్యోగం పోయాక 1938లో అప్పు తెచ్చి, ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టాడు.

పాటగాళ్ళు పాడైన ఆంప్లిఫయర్లు తెచ్చేవాళ్ళు. బాగుచేస్తూ చేస్తూ ఏది ఎందుకు పాడవుతుందో కనిపెట్టాడు. 1951లో ప్రెసిషన్ బేస్ గిటారు, 1952లో దానికి తగ్గ బాస్‌మ్యాన్ ఆంప్లిఫయరు తయారుచేశాడు.

అందులో ఉండేవి వాల్వులు. తర్వాత ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫయర్లూ వచ్చాయి. రెండింటికీ బయాస్ కుదరాలి. బయాస్ అంటే పాట రాకముందే కొంచెం కరెంటు పారేట్టు పెట్టి సిద్ధంగా ఉంచడం. తక్కువైతే శబ్దం బొంగురుపోతుంది, ఎక్కువైతే వేడెక్కి కాలిపోతాయి. మనం డప్పు కాచినట్టే అనుకోండి! అందుకే ట్రాన్సిస్టరు మార్చిన మెకానిక్కు మీటరు చూస్తూ చిన్న స్క్రూ మెల్లగా తిప్పుతాడు. వేడెక్కాక మళ్ళీ చూస్తాడు.

ఫెండర్ 1965లో కంపెనీని కోటీ ముప్పై లక్షల డాలర్లకు అమ్మాడు. అయినా పని మానలేదు. 1991 మార్చి 21న చనిపోయాడు. ఆయనకు గిటారు వాయించడం రానేరాదు. వాయించేవాళ్ళకిచ్చి, వాళ్ళు చెప్పింది విని సరిచేసేవాడు. నాకు బాగా నచ్చింది అదే.

మన హాస్టల్లో పాడైన రేడియో విప్పి చూసేవాణ్ణి ఎగతాళి చేయకండి. ప్లగ్గు పీకి, సారును పక్కన ఉంచుకుని చూడమనండి.